హార్మోన్ల అసమతుల్యత – ప్రయోగశాల జంతువుల్లో అండాశయ కణితులు

1. పరిచయం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదివే విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళలో పాడి ఉంటుంది. గేదె వేళకు ఎదకు రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు పడే ఆందోళన మీరు చూసే ఉంటారు. దాదాపు 21 రోజులకొకసారి ఎద రావాలి. కట్టించిన తర్వాత చూలు నిలిస్తే ఆ ఎద ఆగిపోవాలి. చూలు లేకుండానే ఎద ఆగిపోయినా, నిత్యం ఎదలో ఉన్నట్టే అరుస్తూ తిరిగినా, ఆవు కోడెలా తక్కిన ఆవుల మీదికి ఎగబడుతున్నా, ఏదో తేడా వచ్చిందని పశువుల డాక్టరును పిలుస్తారు. ఆయన చేతికి పొడవాటి తొడుగు వేసుకుని, పెద్దపేగు గుండా అండాశయాలను తడిమి చూస్తాడు. చాలాసార్లు బయటపడేది నీటితిత్తి, లేదా పనిచేయకుండా చిన్నబోయిన అండాశయం. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒకవైపు అండాశయం బాగా పెరిగి చేతికి తగులుతుంది. ఆవుల్లోనూ ఆడ గుర్రాల్లోనూ అండాశయానికి వచ్చే కణితుల్లో ఎక్కువగా కనిపించేది గ్రాన్యులోసా కణాల కణితి. ఈ పాఠంలో మనకు పదేపదే ఎదురయ్యే కణితి ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. హార్మోన్లు గాడి తప్పడం వల్ల కణితి వచ్చిందా? కణితి వచ్చినందువల్ల హార్మోన్లు గాడి తప్పాయా? ఆడ గుర్రంలో ఈ కణితి ఒక అండాశయంలో పెరుగుతుంటే రెండో అండాశయం చిన్నదైపోయి పని మానేస్తుంది. కణితి విడుదల చేసే ఇన్హిబిన్ అనే హార్మోను పీయూషగ్రంథిని అణచివేయడమే దీనికి ముఖ్య కారణం. ఈ ఉదాహరణలో కణితి కారణం, హార్మోన్ల తేడా ఫలితం. దీనికి తిరుగుముఖంగా, హార్మోన్ల తేడాయే కణితికి కారణం కాగలదా అన్న ప్రశ్నకు కొట్టంలో కట్టేసిన గేదెను చూసి జవాబు చెప్పలేం. డాక్టరు వచ్చేసరికే రెండూ కలిసి ఉంటాయి. ఏది ముందో తేల్చాలంటే, ఆరోగ్యంగా ఉన్న జంతువులో హార్మోన్ల తీరును మనమే మార్చి, కణితి వస్తుందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. ప్రయోగశాల ఎలుకలతో శాస్త్రవేత్తలు చేసిన పని ఇదే.

2. మామూలుగా జరిగే పని

మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ నుంచి వచ్చే సంకేతంతో పీయూషగ్రంథి రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది: పుటిక ప్రేరక హార్మోను (ఎఫ్.ఎస్.హెచ్.), పీతదేహ ప్రేరక హార్మోను (ఎల్.హెచ్.). ఈ రెండింటినీ కలిపి బీజకోశ ప్రేరకాలు అంటారు. ఇవి రక్తంలో కలిసి అండాశయాన్ని చేరతాయి. అక్కడ ప్రతి అండాన్నీ చుట్టి ఉండే కణాల తిత్తిని పుటిక అంటారు. పుటిక లోపలి పొరల్లో ఉండేవి గ్రాన్యులోసా కణాలు, బయటి పొరలో ఉండేవి థీకా కణాలు. బీజకోశ ప్రేరకాలు అందగానే ఇవి విభజన చెంది పెరుగుతాయి, ఈస్ట్రోజన్ తయారుచేస్తాయి. పెరిగిన పుటికల్లో కొన్ని పగిలి అండాన్ని విడుదల చేస్తాయి. మిగిలిన వాటిలో ఎక్కువభాగం క్షీణించి మాయమవుతాయి. ఈ క్షీణించడం వృథా అని అనుకోకండి. పెరగమని చెప్పడం ఎంత అవసరమో, పెరిగినదాన్ని తీసివేయడమూ అంతే అవసరం.

అండాశయం తయారుచేసిన ఈస్ట్రోజన్, ఇన్హిబిన్ రక్తంలో తిరిగి మెదడుకు, పీయూషగ్రంథికి చేరి, ఇక ప్రేరకాలు తగ్గించమని చెబుతాయి. దీనినే రుణాత్మక ఫీడ్‌బ్యాక్ అంటారు. (అండం విడుదలకు కాస్త ముందు మాత్రం ఈస్ట్రోజన్ ఇందుకు విరుద్ధంగా ఎల్.హెచ్.ను ఒక్కసారిగా పెంచుతుంది. మన చర్చకు ఆ ఘట్టం అవసరం లేదు కాబట్టి పక్కన పెడదాం.)

కె.సి. కాలువ కింద వరి వేసే ఊళ్ళవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. తూము దగ్గర లస్కర్ ఉంటాడు. మడి తడిసిందని కబురు వస్తే తూము దించుతాడు, కబురు రాకపోతే ఎత్తే ఉంచుతాడు. ఆయనకు మడి కనిపించదు, కబురు ఒక్కటే ఆధారం. ఇప్పుడు, నీళ్ళు మడికి బాగానే అందుతున్నాయి గాని, చాలన్న కబురు మాత్రం దారిలోనే ఆగిపోతోందని అనుకోండి. లస్కర్ తప్పేమీ లేదు, మడి తప్పూ లేదు. అయినా మడి మునుగుతుంది. పీయూషగ్రంథి లస్కర్, బీజకోశ ప్రేరకాలు నీళ్ళు, ఈస్ట్రోజన్ తిరుగు కబురు. ఈ పోలిక ఒక్కచోట సరిపోదు: నీళ్ళు ఎక్కువైతే మడి పెద్దది కాదు, అండాశయంలోని కణాలు మాత్రం ప్రేరకం అందుతున్నంతకాలం విభజన చెందుతూనే ఉంటాయి. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

"హార్మోన్ల అసమతుల్యత" అన్న మాటను బయట చాలా వదులుగా వాడుతున్నారు. జుట్టు రాలినా, ఒళ్ళు వచ్చినా ఆ మాటే అంటారు. ఈ పాఠంలో దానికి కచ్చితమైన అర్థం ఉంది: ఈస్ట్రోజన్, ఇన్హిబిన్‌ల తిరుగు కబురు తగ్గడం, దానివల్ల బీజకోశ ప్రేరకాలు ఎక్కువ స్థాయిలో చాలాకాలం కొనసాగడం.

3. ప్లీహంలో అమర్చిన అండాశయం

1944లో అమెరికాలో మోర్టన్ బిస్కిండ్, గెర్సన్ బిస్కిండ్ అనే ఇద్దరు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. చేసిన పని చెప్పడానికి చాలా చిన్నది. ఆడ ఎలుకలో రెండు అండాశయాలనూ తీసివేశారు. అందులో ఒకదాన్ని అదే ఎలుక ప్లీహంలో నాటారు. అంతే. హార్మోను సూది వేయలేదు, విషపదార్థం పెట్టలేదు. నెలలు గడిచాక చూస్తే, ప్లీహంలో నాటిన అండాశయం కణితిగా మారింది.

ప్లీహాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఇందులోనే ప్రయోగం తెలివంతా ఉంది, కాబట్టి రక్తం నడిచే దారిని జాగ్రత్తగా గమనించండి. అండాశయం తన చోట ఉన్నప్పుడు దాని నుంచి బయలుదేరిన రక్తం మహాసిరను చేరి, గుండె ద్వారా శరీరమంతా తిరుగుతుంది. అందులోని ఈస్ట్రోజన్ నేరుగా మెదడుకు, పీయూషగ్రంథికి అందుతుంది. ప్లీహం నుంచి వచ్చే రక్తం అలా పోదు. ప్లీహసిర నిర్వాహక సిరలో కలుస్తుంది, నిర్వాహక సిర కాలేయంలోకి పోతుంది. కాలేయం ఈస్ట్రోజన్‌ను రసాయనికంగా మార్చి, సల్ఫేటు, గ్లూకురోనిక్ ఆమ్లం వంటి వాటితో జతచేసి, దాని శక్తిని పోగొడుతుంది. అంటే ప్లీహంలోని అండాశయం ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది, కాని శరీరంలో తిరగకముందే అది కాలేయంలో నిర్వీర్యమవుతుంది.

ఇక్కడ ఒక విషయం విద్యార్థులు తరచు పొరబడతారు. బీజకోశ ప్రేరకాలకు ఈ అడ్డంకి లేదు. అవి పీయూషగ్రంథి నుంచి ధమనుల ద్వారా ప్లీహానికి నిరాటంకంగా చేరతాయి. నీళ్ళు అందుతున్నాయి, కబురు ఒక్కటే పోవడం లేదు. అండాశయాలు రెండూ తీసివేసిన ఎలుకలో ఉన్నట్టే పీయూషగ్రంథి విజృంభిస్తుంది. కాకపోతే ఈ ఎలుకలో ఆ విజృంభణను భరించడానికి ఒక అండాశయం ఉంది.

ఈస్ట్రోజన్ నిజంగానే శరీరానికి అందడం లేదని ఎలా తెలుసుకోవాలి? ఎలుక గర్భాశయం, యోని దాన్ని చెబుతాయి. ఎలుక రుతుచక్రం 4 లేదా 5 రోజులే. ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉన్న దశలో యోని పైపొర కణాలు గట్టిపడి రాలుతాయి. ఒక చుక్క ద్రవం తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ కణాలు కనిపిస్తాయి. ఈ ప్రయోగంలోని ఎలుకల్లో అవి కనిపించవు, గర్భాశయం కుంచించుకుపోతుంది. ప్లీహంలో అండాశయం బతికే ఉన్నా, ఆ ఎలుక శరీరానికి మాత్రం అండాశయం లేనట్టే లెక్క.

ప్లీహంలోని అండాశయంలో మార్పులు ఒక వరసలో సాగుతాయి. మొదట పుటికలు అతిగా పెరుగుతాయి, పీతదేహం లాంటి కణాల గుంపులు పేరుకుంటాయి. తర్వాత గ్రాన్యులోసా కణాలు పుటిక ఆకారాన్ని వదిలి గుట్టలుగా పెరుగుతాయి. చివరకు గ్రాన్యులోసా కణాల కణితి గాని, పీతకణాలతో నిండిన లూటియోమా గాని ఏర్పడుతుంది. అండాలు మాత్రం ఆ సరికి అయిపోతాయి.

కణితి రావడం ఒక్కటే చూపించి ఊరుకుంటే ఈ ప్రయోగానికి ఇంత పేరు వచ్చేది కాదు. అండాశయాన్ని పరాయి చోట నాటినందువల్ల, గాయం వల్ల, లేదా ప్లీహంలో ఉన్న మరేదో పదార్థం వల్ల కణితి వచ్చిందని ఎవరైనా అనవచ్చు. ఆ అనుమానాలను ఒక్కొక్కటిగా తీర్చిన పరిశీలనలే దీని బలం. ఒక అండాశయాన్ని దాని సొంత చోటే ఉంచి, రెండోదాన్ని మాత్రమే ప్లీహంలో నాటితే కణితి రాదు. సొంత చోట ఉన్న అండాశయం కబురు అందిస్తూనే ఉంటుంది గదా! రెండూ తీసివేసి ఒకటి ప్లీహంలో నాటినా, ఎలుకకు బయటి నుంచి ఈస్ట్రోజన్ ఇస్తూ ఉంటే కణితి రాదు. పీయూషగ్రంథిని తీసివేసినా రాదు. అన్నిటికంటే ముచ్చటైన సాక్ష్యం అనుకోకుండా దొరికింది. కొన్ని ఎలుకల్లో ప్లీహం పక్కనున్న పొట్ట గోడకు అతుక్కుని, కొత్త రక్తనాళాలు ఏర్పడ్డాయి. అండాశయం నుంచి వచ్చే రక్తంలో కొంత ఆ నాళాల గుండా కాలేయాన్ని తప్పించుకుని శరీరంలోకి చేరింది. ఆ ఎలుకల్లో కణితి ఏర్పడలేదు. ప్లీహం అదే, గాయం అదే, అండాశయం అదే. మారినదల్లా కబురు నడిచిన దారి.

పరీక్షలో ఈ ప్రయోగం గురించి రాసేటప్పుడు చాలామంది మొదటి భాగం రాసి వదిలేస్తారు. నా దృష్టిలో మార్కులు ఈ చివరి పేరాలోని నాలుగు పరిశీలనలకే ఎక్కువ పడాలి.

4. ఎక్స్-కిరణాలు: దారి వేరు, గమ్యం ఒకటే

పైన చెప్పిన ప్రయోగానికి 8 ఏళ్ళ ముందే, 1936లో, జేకబ్ ఫర్త్, బటర్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాలకు గురిచేసిన చిట్టెలుకల్లో అండాశయ కణితులు వస్తున్నాయని గమనించారు. (ఈ పాఠంలో ఎలుక అంటే పెద్ద రకం తెల్ల ఎలుక, చిట్టెలుక అంటే చిన్న రకం. రెండూ వేర్వేరు జాతులు.) కిరణాలు కణాల డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి, ఆ దెబ్బతిన్న కణమే కణితి అయింది అనుకోవడం సహజం. అప్పట్లోనూ ఇప్పటికీ చాలామంది మొదట అలాగే అనుకుంటారు.

అది నిజమైతే కిరణాలు తగిలిన అండాశయంలో, పక్కన ఇంకో అండాశయం ఉన్నా లేకపోయినా, కణితి రావాలి. 1940ల చివర్లో చేసిన ప్రయోగాల్లో ఒక అండాశయానికి కిరణాలు తగలకుండా కాపాడి, రెండోదానికి మాత్రమే తగలనిచ్చారు. కణితి రాలేదు. కిరణాలు తగిలిన చిట్టెలుకలో ఆరోగ్యమైన అండాశయాన్ని నాటినా కణితిని అడ్డుకోగలిగారు. అంటే డి.ఎన్.ఎ. దెబ్బ ఒక్కటే చాలలేదు.

జరిగేది ఇది. చిట్టెలుక అండాలు కిరణాలకు చాలా సున్నితమైనవి, తక్కువ మోతాదుకే చనిపోతాయి. అండం లేకపోతే పుటిక నిలవదు. పుటికలు పోతే ఈస్ట్రోజన్, ఇన్హిబిన్ తగ్గిపోతాయి. కబురు ఆగిపోతుంది. పీయూషగ్రంథి ప్రేరకాలను పెంచుతుంది. అండాశయంలో మిగిలి ఉన్న గ్రాన్యులోసా కణాలు, మధ్యకణజాలం, పైపొర కణాలు ఆ ఒత్తిడికి లోనై పెరుగుతాయి. అండాలను చంపే డి.ఎం.బి.ఎ. అనే రసాయనం కూడా చిట్టెలుకల్లో ఇలాంటి కణితులనే తెస్తుంది. అక్కడా పీయూషగ్రంథిని తీసివేస్తే కణితి ఆగుతుంది. శస్త్రచికిత్స, కిరణం, రసాయనం: మొదలుపెట్టిన తీరు మూడు రకాలు, మూడింటిలోనూ నడిచింది ఒకే మార్గం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
ఒక ఎలుకలో రెండు అండాశయాలనూ తీసివేసి, ఒకదాన్ని ప్లీహంలో కాకుండా మెడ దగ్గర చర్మం కింద నాటారు. కణితి వచ్చే అవకాశం ప్లీహంలో నాటినప్పటిలా ఉంటుందా? చర్మం కింది నుంచి రక్తం ఏ దారిన పోతుందో ముందు గీసుకుని, తర్వాత జవాబు రాయండి.

5. ఎప్పటిదాకా వెనక్కు మళ్ళించవచ్చు?

తూము దించితే మునిగిన మడి మళ్ళీ ఆరుతుంది. అండాశయం విషయంలో కొంతకాలం వరకే ఇది నిజం. పెరుగుదల తొలిదశలో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఇస్తే, అంటే ఆగిపోయిన కబురును మళ్ళీ పంపితే, పెరిగిన కణజాలం తగ్గుముఖం పడుతుంది. ఈ దశలో అది హార్మోను మీద ఆధారపడిన పెరుగుదల మాత్రమే. ఫర్త్ దీనిని పరాధీన కణితి అన్న భావనగా వివరించాడు. దాన్ని గుర్తించే పద్ధతి ఉంది: ఆ కణజాలపు ముక్కను మరో జంతువులో నాటాలి. అండాశయాలు తీసివేసిన, అంటే ప్రేరకాలు ఎక్కువగా ఉన్న జంతువులో అది పెరిగి, మామూలు జంతువులో పెరగకపోతే అది పరాధీనం. మామూలు జంతువులో కూడా పెరిగితే అది స్వతంత్ర కణితి. దానికి ఇక పీయూషగ్రంథి అనుమతి అక్కరలేదు.

పరాధీనం స్వతంత్రం ఎలా అవుతుంది? కణం విభజన చెందిన ప్రతిసారీ డి.ఎన్.ఎ. మొత్తం నకలు తీయాలి. నకలులో అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. వాటిలో చాలావరకు కణం తనే సరిదిద్దుకుంటుంది. మామూలు అండాశయంలో పుటిక కొద్దిరోజులు పెరిగి, పగిలో క్షీణించో కథ ముగుస్తుంది కాబట్టి, మిగిలిపోయిన తప్పులు పేరుకునే వ్యవధి ఉండదు. ప్రేరకాలు నెలల తరబడి తోస్తూ ఉంటే విభజనల సంఖ్య పెరుగుతుంది, క్షీణించవలసిన కణాలు క్షీణించవు, తప్పులు పేరుకుంటాయి. ఎప్పుడో ఒక కణంలో, ప్రేరకం లేకుండానే విభజన చెందగల మార్పు వస్తుంది. హార్మోను ఆ తప్పును స్వయంగా చేయలేదు, తప్పు జరగడానికి అవకాశాలను పెంచింది. పరీక్షలో "హార్మోను వల్ల కణితి" అని రాసేటప్పుడు ఈ తేడాను ఒక వాక్యంలోనైనా చెప్పండి.

6. జన్యువులు మార్చిన చిట్టెలుకలు

1990ల నుంచి కత్తి అవసరం తగ్గింది. కావలసిన జన్యువును తీసివేసి, లేదా కొత్తది చేర్చి చిట్టెలుకలను పుట్టించగలిగారు. 1992లో మార్టిన్ మాట్జుక్, ఆయన సహచరులు ఇన్హిబిన్ జన్యువు పనిచేయని చిట్టెలుకలను తయారుచేశారు. ఆ జన్యువు రెండు ప్రతులూ లేని ఆడ, మగ చిట్టెలుకలన్నిటిలోనూ బీజకోశ కణితులు వచ్చాయి, అదీ చాలా చిన్న వయసులోనే. మగవాటికీ రావడం గమనించదగ్గది. వృషణాల్లో గ్రాన్యులోసా కణాలకు సాటివచ్చేవి సెర్టోలి కణాలు, అవీ ఎఫ్.ఎస్.హెచ్.కు స్పందిస్తాయి.

ఇన్హిబిన్ లేకపోతే ఎఫ్.ఎస్.హెచ్. పెరుగుతుంది. అయితే కణితికి కారణం ఆ పెరుగుదలా, లేక ఇన్హిబిన్ తనంత తానుగా కణితిని అడ్డుకునే పదార్థమా? నాలుగేళ్ళ తర్వాత, 1996లో, ఇన్హిబిన్‌తోపాటు హైపోథలామస్ సంకేతం కూడా లేని చిట్టెలుకలను తయారుచేసి చూశారు. వాటిలో బీజకోశ ప్రేరకాలు దాదాపు ఉండవు. ఇన్హిబిన్ లేకపోయినా వాటిలో కణితులు రాలేదు. 1944 నాటి ఎలుకలో పీయూషగ్రంథిని తీసివేస్తే వచ్చిన జవాబే మళ్ళీ వచ్చింది, 50 ఏళ్ళ తర్వాత, వేరే జంతువులో, వేరే పద్ధతిలో.

1995లో మరో బృందం ఎల్.హెచ్. ఎక్కువగా తయారయ్యే చిట్టెలుకలను రూపొందించింది. వాటిలోనూ గ్రాన్యులోసా కణాల కణితులు కనిపించాయి. కాని తల్లిదండ్రుల వంశాన్ని మార్చి చూస్తే, ఎల్.హెచ్. స్థాయి అంతే ఉన్నా, కొన్ని వంశాల్లో ఆ కణితి రాలేదు. ఈ చిన్న విషయం మీద కాసేపు ఆగండి. ఒకే ఒత్తిడికి ఒక వంశం లొంగింది, ఇంకో వంశం తట్టుకుంది. అసమతుల్యత ఒక తోపు మాత్రమే. ఎవరు పడిపోతారన్నది వారి జన్యువుల మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎలుకల ఫలితాన్ని మనుషులకు అన్వయించే తొందరలో ఉన్నవారు మరిచిపోయేది ఇదే.

7. హైదరాబాదులోని ఎలుకలు

ప్రయోగశాల ఎలుకలంటే విదేశాల సంగతి అనుకోనక్కరలేదు. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పొందిన జాతీయ పోషకాహార సంస్థ తన సొంత ఎలుకల వంశాన్ని దశాబ్దాలుగా పెంచుతోంది. 1990ల్లో ఆ గుంపులో కొన్ని ఎలుకలు విపరీతంగా లావెక్కుతున్నట్టు గమనించి, ఆ లక్షణాన్ని నిలిపి ఒక ప్రత్యేక వంశంగా పెంచారు. వాటిని డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్. ఒబీస్ ఎలుకలు అంటారు. మామూలు ఎలుక పావు కిలో నుంచి అర కిలో తూగితే, ఇవి కిలో దాటగలవు. రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్ ఎక్కువ. వీటికి సంతానం కలగదు. లావు కాని, కాని ఆ జన్యువును మోస్తున్న తోబుట్టువులను జతకట్టించి వంశాన్ని నిలుపుతున్నారు. వయసు మీరేకొద్దీ వీటిలో కణితులు వచ్చే స్వభావమూ కనిపించింది.

ఇవి అండాశయ కణితి కోసం తయారుచేసిన ఎలుకలు కావు, 3వ భాగంలోని ఎలుకలతో వీటిని కలపకండి. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. లావు, ఇన్సులిన్, సంతానలేమి, కణితి – ఇవి ఒకే జంతువులో కలిసి కనిపించినప్పుడు, ఏది దేనికి కారణమో తేల్చడం ఎంత కష్టమో ఇవి చూపుతాయి. గేదె దగ్గర మొదలైన చిక్కే ఇది. తేల్చాలంటే బిస్కిండ్‌లు చేసినట్టు ఒక్కొక్క దారినీ మూసి, తెరిచి చూడవలసిందే.

మన దేశంలో ఇలాంటి ప్రయోగం ఎవరికి తోచినట్టు వారు చేయడానికి వీల్లేదు. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. ప్రయోగ జంతువుల పెంపకం, వాడకం మీద 1998లో నియమాలు వచ్చాయి. ప్రయోగం ఎందుకు, ఎన్ని జంతువులు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అన్నవి రాసి సంస్థలోని నైతిక సంఘం ముందు పెట్టి, అనుమతి పొందాలి. మీ ప్రాక్టికల్ తరగతుల్లో ఎలుకలకు బదులు పటాలు, నమూనాలు ఎందుకు వచ్చాయో కూడా ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

8. మనుషులకు ఎంతవరకు వర్తిస్తుంది?

ఈ పాఠం చదివిన విద్యార్థినికి ఒక భయం కలగవచ్చు. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో స్కానింగు చేయించుకుంటే రిపోర్టులో అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నాయని వస్తుంది. ఇంట్లో "గడ్డలు" అంటారు. హార్మోన్ల తేడా అని డాక్టరు చెబుతారు. ఈ పాఠంలో హార్మోన్ల తేడా వల్ల కణితి అని ఉంది. రెండూ కలిపితే నిద్ర పట్టదు. అందుకే ఈ భాగాన్ని తొందరపడి చదవవద్దు.

పి.సి.ఓ.ఎస్.లో స్కానింగులో కనిపించే బుడగలు కణితులు కావు. అవి మధ్యలో ఎదుగుదల ఆగిపోయిన పుటికలు. 3వ భాగంలోని ఎలుకలో తిరుగు కబురు పూర్తిగా తెగిపోయింది. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలో ఈస్ట్రోజన్ ఉంటుంది, అది కాలేయాన్ని దాటకముందే నశించదు. వేళకు అండం విడుదల కాకపోవడం ఆమె సమస్య. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమై ఇబ్బంది కలగవచ్చు కాబట్టి చికిత్స తీసుకోవాలి. ఆ జాగ్రత్త వేరు, ఎలుక కథను తనకు అన్వయించుకుని భయపడటం వేరు.

ఇంకో పెద్ద సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉంది. ముట్లుడిగిన ప్రతి స్త్రీలోనూ పుటికలు అయిపోతాయి, ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎఫ్.ఎస్.హెచ్. ఎన్నో రెట్లు పెరుగుతుంది. కిరణాలు తగిలిన చిట్టెలుకలో జరిగినట్టే. ఆ స్థితిలో వారు దశాబ్దాలు జీవిస్తారు. అయినా వారిలో గ్రాన్యులోసా కణాల కణితి అరుదు. స్త్రీలకు వచ్చే అండాశయ క్యాన్సర్లలో అది నూటికి 5కు మించదు. పెద్ద వయసులో వచ్చే ఆ కణితుల్లో దాదాపు అన్నిటిలోనూ ఫాక్స్ ఎల్2 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుందని 2009లో కనుగొన్నారు. మనిషిలో తోపు ఒక్కటే సరిపోదని, ఈ జన్యుమార్పు కూడా కావాలని దీన్నిబట్టి అనుకోవచ్చు.

స్త్రీలలో ఎక్కువగా కనిపించే అండాశయ క్యాన్సరు వేరే రకం. అది ఉపరితల కణాల వంటి వాటి నుంచి వస్తుంది. వాటిలో చాలా భాగం నిజానికి అండవాహిక చివర మొదలవుతుందని ఇప్పుడు భావిస్తున్నారు. ఈ రకానికి ఎలుక కంటే కోడి దగ్గరి పోలిక. గుడ్లు పెట్టే కోడిలో దాదాపు రోజూ అండం విడుదలవుతుంది. రెండేళ్ళు దాటిన కోళ్ళలో అండాశయ క్యాన్సరు సహజంగానే కనిపిస్తుంది. విరామం లేకుండా అండం విడుదల కావడమే ముప్పును పెంచుతుందని 1971లో ఫతల్లా ప్రతిపాదించాడు. కాన్పుల వల్ల, గర్భనిరోధక మాత్రల వల్ల అండ విడుదల ఆగిన స్త్రీలలో ఈ క్యాన్సరు తక్కువగా ఉండటం ఆ ప్రతిపాదనకు అనుకూలం. పెరట్లోని నాటుకోడి పొదిగే కాలంలో గుడ్లు పెట్టడం మానుతుంది కాబట్టి, ఫారం కోడితో దాన్ని నేరుగా పోల్చకూడదు.

అయితే ఎలుకల పాఠం నుంచి స్త్రీలకు నేరుగా పనికివచ్చే విషయం ఒకటుంది. గ్రాన్యులోసా కణాల కణితి ఎక్కడ వచ్చినా తన పాత అలవాటు మానదు, చాలాసార్లు ఈస్ట్రోజన్, ఇన్హిబిన్ తయారుచేస్తూనే ఉంటుంది. అందువల్ల రక్తంలో ఇన్హిబిన్‌ను కొలిచి ఆ కణితిని గుర్తించడానికి, చికిత్స తర్వాత మళ్ళీ వచ్చిందేమో కనిపెట్టడానికి వాడతారు. ఈస్ట్రోజన్ వల్ల గర్భాశయం లోపలి పొర మళ్ళీ పెరిగి, ముట్లుడిగి ఏళ్ళు గడిచిన స్త్రీలో రక్తస్రావం కనిపించవచ్చు. పల్లెల్లో దీన్ని "మళ్ళీ ముట్టు తిరిగింది" అని చెప్పుకుని కొందరు తేలికగా తీసుకుంటారు, ఇంకొందరు సిగ్గుతో దాచుకుంటారు. ముట్లుడిగిన తర్వాత కనిపించే రక్తానికి కారణాలు అనేకం, చాలావరకు ప్రమాదం లేనివే. కాని ఏ కారణమో పరీక్ష చేయకుండా చెప్పలేరు. మీ ఇంట్లో అమ్మో, పెద్దమ్మో, అత్తమ్మో ఆ మాట చెబితే, అది మామూలేనని అనకుండా ఆ వారంలోనే స్త్రీల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
ఒక ఆవు నిత్యం ఎదలో ఉంటోంది, ఒకవైపు అండాశయం పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉంది. పెద్దదాన్ని తీసివేసిన కొన్ని నెలలకు రెండో అండాశయం మామూలు పరిమాణానికి వచ్చి, ఎద 21 రోజుల లెక్కకు తిరిగింది. ఈ ఆవులో హార్మోన్ల తేడా కారణమా, ఫలితమా? 3వ భాగంలోని ఎలుకతో పోల్చి, బాణం గుర్తులతో పటం గీసి వివరించండి.